ఏనుగులదొడ్డి శిక్ష

వెనకటికి మణిగిరి పట్నాన్ని ప్రతాపసింగ భూపతి అనే రాజు ఏలేవాడు. కోటగోడను ఆనుకుని తాతలనాటి ఏనుగులదొడ్డి ఒకటి ఉండేది. ఏనుగులు ఏనాడో పోయాయి. పదెకరాల నేల రాళ్ళతో, ముళ్ళపొదలతో ఊరికే పడి ఉంది. దాని పక్కనే అద్దకంవాళ్ళ వీధి. అక్కడ పగలంతా రంగుల కాగుల కింద మంటే. నిలబడడానికి ఇంత నీడ లేదు.

ఆ వేసవిలో ఆ వీధిలో ముగ్గురు వడదెబ్బకు పోయారు. మూడో మనిషి తిప్పమ్మ కోడలు. కర్మలు ముగిశాక తిప్పమ్మ వీధివాళ్ళను వెంటబెట్టుకుని కొలువుకు వచ్చింది.

"మారాజా, ఆ దొడ్డి మాకు ఇప్పించండి. చెట్లు వేసుకుంటాం. పిల్లలు ఆడుకుంటారు, మేం కాసేపు నడుం వాలుస్తాం. మీ ఖజానా నుంచి ఏమీ అడగం" అంది.

రాజు మీసం సవరించుకున్నాడు. "మా రాజధానిలో ఉద్యానమంటే చలువరాతి మండపాలుండాలి. జలయంత్రాలుండాలి. అవి లేని తోట మాకు నామోషీ. అంత సొమ్ము సమకూరినప్పుడు చూద్దాం."

"అందాకా మేం బతికుండాలి గదా" అంది తిప్పమ్మ.

రాజు ముఖం కందగడ్డయింది. "ఎంత పొగరు. ఈ వీధి మొత్తానికీ శిక్ష వేయాలి. ఏం వేద్దాం?" అని కొలువును అడిగాడు.

రాజును నవ్వించడమే పనిగా గల పేరన్న అనే విదూషకుడు లేచాడు.

"కొరడా దెబ్బలు వారంలో మానిపోతాయి ప్రభూ. ఏళ్ళ తరబడి గుర్తుండే శిక్ష వేయండి. ఇంటికొకరు ఆ దొడ్డిలో రాళ్ళు ఏరాలి, ముళ్ళు కొట్టాలి. వేప, కానుగ మొక్కలు నాటి రోజూ నీళ్ళు మోయాలి. పశువులు మేయకుండా సాయంత్రాలు పిల్లాజెల్లాతో అక్కడే కూచుని కాపలా కాయాలి. మీరు వద్దనేదాకా మానకూడదు."

రాజుకు అది బాగా నచ్చింది. వెంటనే ముద్ర వేశాడు.

కోటవాకిట తిప్పమ్మ పేరన్నను ఆపింది. "నీలో మనిషున్నాడనుకున్నానయ్యా. కొరడాలే నయం" అంది.

మంత్రి మనుషులు పక్కనే నిలబడి ఉన్నారు. వీధివాళ్ళ ముఖాల్లో సంతోషం కనబడితే శిక్ష ఆ పూటే రద్దవుతుంది. పేరన్న తలవంచుకుని వెళ్ళిపోయాడు.

మొదటి ఏడాది రాళ్ళు ఏరి చేతులు పుళ్ళయ్యాయి. రెండో ఏడు సగం మొక్కలు ఎండిపోతే మళ్ళీ నాటారు. మూడో వేసవిలో తిప్పమ్మ నీళ్ళు మోస్తూ బావిగట్టు మీద కూలిపోయింది, మళ్ళీ లేవలేదు. అప్పటికి కానుగలు నడుమెత్తు కూడా ఎదగలేదు.

ఎనిమిదో ఏట రాజు పల్లకీలో ఆ దారిన వెళుతూ బోయీలను ఆగమన్నాడు. దొడ్డి నిండా చెట్లు. పిల్లలు కొమ్మలకు ఉయ్యాలలు కట్టి ఊగుతున్నారు. ముసలివాళ్ళు నీడలో కునుకు తీస్తున్నారు.

"ఎవరి అనుమతితో ఈ సుఖం?" అన్నాడు.

"తమరిదే ప్రభూ" అన్నాడు పక్కన నడుస్తున్న పేరన్న. "శిక్ష అనుభవిస్తున్నారు."

రాజు చెట్లకేసి, పేరన్నకేసి చూశాడు. తరువాత పల్లకీ కదిలిపోయేలా నవ్వాడు. "ఇన్నేళ్ళూ నా చేతనే చేయించావా. ఏం కావాలో కోరుకో."

"వాళ్ళు చేసిన తప్పు పెద్దది. తమరి ముందు నిజం మాట్లాడారు. ఈ శిక్ష వాళ్ళ మనుమలకూ మునిమనుమలకూ తప్పకూడదు. రాగిరేకు మీద చెక్కించి ఇప్పించండి."

రాజు మళ్ళీ నవ్వాడు. రేకు చెక్కించడమే కాక మెడలోని ముత్యాల హారం తీసి పేరన్నకు వేశాడు.

పేరన్న ఆ రేకును తానే తీసుకెళ్ళి తిప్పమ్మ కొడుకు మరిదయ్యకు చదివి వినిపించాడు.

"మా అమ్మకు ఒక్క మాట చెప్పకపోయారా" అన్నాడు మరిదయ్య.

"చెబితే ఆవిడ దాచుకోగలిగేది కాదు మరిదయ్యా."

"మిమ్మల్ని తిట్టుకుంటూనే పోయింది."

"తెలుసు."

మరిదయ్య రేకు తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. పేరన్నను కూర్చోమని మాత్రం అనలేదు. పేరన్న కాసేపు నిలబడి, ఎండలోనే ఇంటిదారి పట్టాడు.