గడ్డి బతుకమ్మ

దొరలు గుర్రాల మీద తిరిగే కాలంలో, కోటలాంటి గడీ చుట్టూ పెరిగిన తంగేడు, గునుగు పొదలు జగపతిరావు దొరకు పిచ్చి మొక్కల్లా కనిపించాయి. ఎక్కడిదో పరదేశపు పచ్చిక తెప్పించి, గుట్ట దాకా తివాచీలా పరిపించాడు. పొదలన్నీ పీకింది తోటపని చేసే కొమురవ్వే. పీకుతున్నంతసేపూ తేనెటీగలు ఆమె తల చుట్టూ తిరిగాయి. తర్వాత ఎటు పోయాయో తెలియదు.

బతుకమ్మ పండుగ వచ్చింది. చుట్టాల ముందు గొప్పకు పోయి దొర హుకుం వేశాడు.

"ఏమే కొమురవ్వా, నిలువెత్తు బతుకమ్మను పేర్చాలె. పూలన్నీ నా భూమిల పూసినయే ఉండాలె. బయటి పువ్వు ఒక్కటి కనబడ్డా ఊరు విడిచి పోవాలె."

పండుగనాడు కొమురవ్వ నిలువెత్తున గడ్డి పేర్చి, పైన పసుపు గౌరమ్మను పెట్టి, గడీ ముంగిట దించింది. చప్పట్లు కొట్టబోయిన ఆడవాళ్ల చేతులు గాలిలోనే ఆగిపోయాయి.

"పూలేవే?" దొర కొరడా అందుకున్నాడు.

"నీ బాంచెను దొరా, నీ భూమంతా దేవులాడిన. ఉన్నదంతా తెచ్చిన."

చుట్టాలు నవ్వు దాచుకుంటూ ముఖాలు పక్కకు తిప్పుకున్నారు. దొర కొరడా కింద పెట్టి, సగం పచ్చిక తవ్వి తంగేడు వెయ్యమన్నాడు. ఊరంతా కొమురవ్వ తెలివిని మెచ్చుకుంది.

రెండేళ్లకు గడీ చుట్టూ తంగేడు విరగబూసింది. "ఇప్పుడు సంతోషమేనా?" అన్నాడు దొర.

కొమురవ్వ చెవి ఒగ్గి వింది. ఒక్క తేనెటీగ రెక్క చప్పుడు లేదు. పూలు రాలిన కొమ్మలకు ఒక్క కాయ కట్టలేదు.

"మనమే పొయ్యి ఆర్పి ఎల్లగొట్టినోళ్లకు, మల్ల వండినమని కబురు ఎవలు చెప్తరు దొరా?"