ఆకులమ్మ కోన: చీపురు సోకని సన్నిధి

ఆకులమ్మ కోనకు కొత్తగా వచ్చినవారు మొదట ముక్కు విరుస్తారు. అమ్మవారి ముందు చీలమండ మునిగేంత మందాన ఎండుటాకులు పడి ఉంటాయి. ఊడ్చే దిక్కు లేక కాదు, ఊడ్వకూడదు గనుక ఊడ్వరు. చీపురును కోన మొగదల దగ్గరే ఆపేస్తారు.

పూర్వం ఇక్కడ పది గొర్రెలకాపరి కుటుంబాలు ఉండేవి. బండ కింద ఒక ఊట, దాని పక్కన మద్దిచెట్ల నీడలో పేరులేని అమ్మవారి రాయి, అంతే. వారిలో సంజమ్మ అనే వితంతువుకు గొర్రెలే బిడ్డలు. ఒక ఏడాది మందకు రోగం తగిలితే, "నా మందను నిలబెట్టు తల్లీ, నేను బతికుండేంతవరకు నీ వాకిట్లో ఒక్క ఆకు ఉండనీను" అని మొక్కుకుంది.

మంద నిలబడింది. సంజమ్మ ఆడిన మాట తప్పే మనిషి కాదు. రోజూ చెట్ల కిందంతా ఊడ్చి, ఆకులు కుప్పపోసి కాల్చేది. చూసినవారంతా మెచ్చుకున్నారు.

మూడో ఏటికి ఊట సన్నబడింది. ఆకుల కప్పు పోయిన నేల ఎండకు పెంకులా బిగుసుకుంది, కురిసిన వాన ఇంకకుండా జారిపోయింది. వానపాములు కనబడలేదు. వాటికోసం నేల గెలికే పిట్టలు రాలేదు, పిట్టలు రాల్చే గింజలు లేక కొత్త మొక్క లేవలేదు. మద్దికొమ్మలు ఎండసాగాయి. సంజమ్మ మాత్రం అమ్మకు శుభ్రం చాలలేదనుకుని రెండు పూటలా ఊడ్చింది! భక్తికి బుద్ధి తోడు రాకపోతే ఇంతే.

చివరకు ఆమె మరిది మారెప్ప వచ్చాడు. "వదినా, గుక్కెడు నీళ్లు ల్యాకపాయె. మందల్ని ఏటి పక్కకు తోలుకుపోతాండాం. నువ్వూ బయల్దేరు."

"అమ్మను ఇడిసిపెట్టి యాడికి వచ్చేది మారెప్పా?" అని సంజమ్మ ఏడ్చింది.

ఆ మధ్యాహ్నం ఆమెకు బండ నీడన కునుకు పట్టగా, వీపంతా బొబ్బలెక్కిన ముసలమ్మ కలలో కనిపించింది. "దినామూ నా దుప్పటి లాక్కపోయి కాలుస్తాండావు. నా ఈపు చూడు."

"నీకు మొక్కిన మొక్కే గదా తల్లీ!"

"మొక్కింది నువ్వు. నేను అడిగితినా?"

సంజమ్మ లేచింది. మొక్కు తప్పితే మంద పోతుందేమోనన్న భయం, తప్పకపోతే ఊట పోతుందన్న భయం. తెగించి చీపురును పొయ్యిలో పెట్టింది. మందను మారెప్పకు అప్పగించి, రెండు గొర్రెలతో తానొక్కతే ఉండిపోయింది. మొక్కు తప్పిన మనిషని అందరూ ఆడిపోసుకున్నారు. ఆమడ దూరం నుంచి నీళ్లు మోసింది. రెండు వానాకాలాలు గడిచినా ఊట పెరగలేదు. ఒక గొర్రె చచ్చిపోయింది. కల అబద్ధమేమోనని కుమిలిపోయింది గాని రాలిన ఆకును మాత్రం ముట్టలేదు.

మూడో వానాకాలంలో ఆకుల కింద మన్ను మెత్తబడింది. పురుగు చేరింది, పిట్ట వాలింది, మొలక లేచింది. మరుసటి ఎండాకాలం ఊట ఆగలేదు. కబురు విని మందతో తిరిగి వచ్చిన మారెప్పే అమ్మవారిని మొదటిసారి 'ఆకులమ్మా' అని పిలిచాడట.

నేటికీ భక్తులు తమ చేలగట్ల నుంచి గుప్పెడు ఎండుటాకులు తెచ్చి సన్నిధిలో వేస్తారు. అలా వేసినవారి బావి ఎండదని పెద్దల మాట. సంజమ్మ కన్నుమూసేముందు, తన సమాధిని కూడా ఊడ్వవద్దని చెప్పింది. ఊడ్వలేదు. అది ఎక్కడుందో ఇప్పుడు ఎవరికీ తెలియదు. అందుకే ఈ కోనలో ఎవరైనా సరే, ప్రతి అడుగూ మెల్లగా వేస్తారు.