ఏటి ఒడ్డున రెండు రాళ్ళకుప్పలు

అనగనగా ఒక ఏరు. ఏటికి ఇవతల ఒక ఊరు, అవతల నాలుగు గుడిసెలు. వంతెన లేదు. ఉన్నదల్లా ఒక పుట్టి. పుట్టి అంటే తెలుసా నాన్నా? వెదురుబద్దలతో పెద్ద గంపలా అల్లి, అడుగున తోలు కప్పి నీళ్ళమీద వదులుతారు. గుండ్రంగా ఉంటుంది. తెడ్డు వేయడం రాకపోతే ఉన్నచోటే బొంగరంలా తిరుగుతుంది.

ఆ పుట్టిని నడిపేది మద్దమ్మ. మొగుడు పోయిన రోజునుంచీ తెడ్డు తనే పట్టింది. ఉన్న ఒక్క కూతురు చెన్నక్కను అవతలి గుడిసెల్లోనే ఇచ్చింది. ఇప్పుడు చెన్నక్కకు ఐదో నెల. తొలికాన్పు పుట్టింట్లో జరగాలి కదా. నెలలు నిండగానే పిల్లను ఇవతలికి తెచ్చుకోవాలి. ఆ నెలలు నిండేది శ్రావణంలో. శ్రావణంలో ఆ ఏటిని చూస్తే మొనగాళ్ళకే గుండె జారుతుంది.

ఇంతలో ఒక వింత జరిగింది. మద్దమ్మతో కలిపి ముగ్గురు ఎక్కితే పుట్టి అంచు నీళ్ళకు జానెడు పైన ఉండేది. ఆ ఎండాకాలం అది నాలుగు వేళ్ళకు దిగిపోయింది. ఏరు పొంగితే నాలుగు వేళ్ళు ఏ మూలకు? ఒక్క అల చాలు.

మద్దమ్మ తోలుకు కొత్తగా తారు పూసింది. అంచు పైకి రాలేదు. ఆ తర్వాత పాత బద్దలు తీయించి కొత్తవి వేయించింది. ఊహూ. అప్పుడు పుట్టి అల్లిన మేదరి ఓబులేసు దగ్గరికి పోయి, నీ వెదురు మంచిది కాదు, నాకు కొత్త పుట్టి కావాలి అని పోట్లాడింది.

ఓబులేసు ముసలాయన. కొలవకుండా ఒక్క బద్ద కూడా చీల్చేవాడు కాదు. ఆయన మద్దమ్మను ఎగాదిగా చూసి, రోజూ ఏం తింటావని అడిగాడు. పొద్దున రాగిసంగటి, రాత్రి రాగిసంగటి, అంతేనంది. ఏం పని చేస్తావని అడిగాడు. పొద్దంతా ఏట్లోనే చస్తున్నానంది.

"నువ్వు అబద్ధమాడే మనిషివి కాదులే మద్దమ్మా. ఏరూ అబద్ధమాడదు గదా. మూడు దినాలు కొలిచి చూద్దాం," అన్నాడు ఓబులేసు.

నోట్లోకి ఏది పోయినా ఒడ్డున ఒక తెల్లరాయి వేయాలి. తన చేత్తో తెడ్డేసి ఏరు దాటిన ప్రతిసారీ ఒక నల్లరాయి వేయాలి. అదీ ఆయన చెప్పిన కొలత.

మొదటిరోజు సాయంత్రం చూస్తే రెండే తెల్లరాళ్ళు. ఓబులేసు వంగి పుట్టిలోకి చూశాడు. అడుగంతా చెనిక్కాయల పొట్టు, అదే వేరుశనగ పొట్టు. ఇదేమిటమ్మా అన్నాడు.

"అదీ తిండేనా మామా? రేవు దాటినోళ్ళు చేతిలో పెట్టినారు, నోట్లో ఏసుకున్నా," అంది మద్దమ్మ.

నవ్వకు నాన్నా. ఆ రేవు ఆచారం అది. ఏరు దాటిన ప్రతివాళ్ళూ తమ మూటలోంచి ఒక గుప్పెడు తీసి పుట్టి నడిపేవాళ్ళకు పెట్టాలి. చెనిక్కాయలు, బొరుగులు, బెల్లంముక్క, ఎవరికి ఉన్నది వాళ్ళు. కాదనకూడదు. పళ్ళెం ముందు కూర్చుని తిన్నదే తిండి అని మద్దమ్మ లెక్క. మీ అమ్మ మాత్రం? నీ పళ్ళెంలో మిగిలినదంతా తిని, ఇంకా అన్నమే తినలేదంటుంది.

రెండోరోజు మద్దమ్మ గుప్పెడుకొక రాయి వేయడం మొదలుపెట్టింది. మధ్యాహ్నానికే ఆ కుప్ప చూసి సిగ్గేసింది. ఎవరూ చూడకుండా సగం రాళ్ళు ఏట్లోకి తోసేసింది. ఆ తర్వాత పుట్టెక్కి చూసుకుంది. అంచు అదే నాలుగు వేళ్ళు. రాళ్ళను దాచింది కానీ తనను తాను ఎక్కడ దాచుకుంటుంది?

మూడోరోజు ఉన్నదున్నట్టు వేసింది. పొద్దు వాలే వేళకు ఒడ్డుమీద తెల్లరాళ్ళ కుప్ప ఆమె మోకాలి ఎత్తు లేచింది. ఎర్రటి ఎండ పడి మెరిసిపోతోంది. పక్కన నల్లరాళ్ళు రెండంటే రెండు. పెద్దదానివి కూర్చోమ్మా అని వయసు పిల్లలు తెడ్డు తీసుకుంటుంటే, కబుర్లు చెబుతూ కూర్చోవడం అలవాటైపోయింది మరి.

మద్దమ్మ ఆ కుప్ప ముందు అలాగే నిలబడిపోయింది. ఒక్క రోజుది ఇంతైతే ఏడాదిది కొండంత కదా అనుకుంది.

"ఇదంతా యాడికి పోయింది మామా?"

"యాడికీ పోలేదు తల్లీ. నీలోనే ఉంది," అన్నాడు ఓబులేసు.

ఆ రోజునుంచీ తెడ్డు ఎవరికీ ఇవ్వలేదు మద్దమ్మ. గుప్పెడు పెడితే కాదనలేదు, కళ్ళకద్దుకుని కొంగున మూట కట్టేది. ఆకలేసినప్పుడు కొంచెం తినేది, మిగతాది రేవులో ఆడుకునే పిల్లలకు పంచేది. తిండి మానలేదు సుమా. తెడ్డేసే చేతులకు సంగటి పడాల్సిందే. వైశాఖంలో ఏటి నడుమకు రాగానే రొప్పొచ్చేది. జ్యేష్ఠంలో రెక్కలు నొప్పెట్టేవి. ఆషాఢానికి పాట పాడుతూ దాటింది. రోజూ సాయంత్రం కుప్పలు చూసుకునేది. తెల్లది తగ్గుతూ వచ్చింది, నల్లది పెరుగుతూ వచ్చింది, అంచు వేలు వేలు చొప్పున పైకి లేచింది.

అప్పుడు వచ్చింది శ్రావణం. ఎగువన వానలు పడి ఏరు ఒక్కరాత్రిలో పొంగింది. తెల్లవారేసరికి అవతలి గుడిసెల్లోకి నీళ్ళు. గట్టుమీద చెన్నక్క అత్త రంగమ్మ చీరకొంగు ఊపుతోంది. చెన్నక్కకు నొప్పులు మొదలయ్యాయి. ఊళ్ళో మొనగాళ్ళంతా ఒడ్డునే నిలబడిపోయారు. మద్దమ్మ ఒక్కతే పుట్టెక్కింది.

పోవడం పోయింది. కూతుర్నీ రంగమ్మనూ ఎక్కించుకుంది. అంచు జానెడు పైన నిలిచింది. ఏటి నడుమకు వచ్చేసరికి మొదటి అల కొట్టింది, చుక్క లోపల పడలేదు. రెండోది పుట్టిని గిర్రున తిప్పింది, మద్దమ్మ తెడ్డు ఆనించి నిలిపింది. మూడో అల కొండలా వచ్చింది. ఆ అల వీపుమీద పుట్టి పైకి లేచినప్పుడే రంగమ్మ చేతుల్లోకి బిడ్డ వచ్చింది. ఏటి హోరుమీద కేరుమని ఏడుపు.

ఒక మనిషి పెరిగింది, పుట్టి మునుగుతుందని మద్దమ్మ అంచు వైపు చూసింది. అంచు వెంట్రుకవాసి కూడా దిగలేదు. ఎక్కింది ముగ్గురు, ఒడ్డున దిగింది నలుగురు. ఏటికి మాత్రం ఏమీ తేడా తెలియలేదు.

ఒడ్డున బిడ్డ పిడికిలి విప్పి చూసింది మద్దమ్మ. ఐదు వేళ్ళు. ఒక్కో వేలికి బియ్యపుగింజంత గోరు. ఈ బిడ్డ ఎక్కణ్ణుంచో రాలేదు. తొమ్మిది నెలలు చెన్నక్క తిన్నదే ఈ వేళ్ళయింది, ఈ గోళ్ళయింది.

"సంగటి ముద్దలోనుంచి ఇన్ని చేసుకుంటివా తల్లీ," అని ఆ చేతిని కళ్ళకద్దుకుంది.

ఏరు పోయె కడలికి, కథ పోయె కంచికి,
కునుకు వచ్చె కంటికి, మనం పోదాం ఇంటికి.