గొడుగు కుచ్చులు

ఆ రోజు పొద్దుటి నుంచీ భుజంగం చేతిలో ముని మాయం కావడం లేదు.

మద్రాసు స్టూడియోలో ట్రిక్ షాట్లు తీసే దస్తగిరి మాస్టారి దగ్గర అతను ఆరేళ్లుగా శిష్యుడు. ఇన్నాళ్లకు ఒక షాట్ పూర్తిగా అతనికి అప్పగించారు. నిండు సభలో ముని శాపం పెట్టి అంతర్ధానమవ్వాలి. వినడానికి చిన్న పనే. కెమెరా ఆపాలి, ముని దిగి పక్కకు వెళ్లిపోవాలి, మళ్లీ కెమెరా తిప్పాలి. ఆ మధ్యలో సభంతా ఎక్కడివాళ్లక్కడ కదలకుండా నిలబడాలి.

మూడుసార్లు తీశారు, మూడుసార్లూ చెడింది. రాజుగారి వెనక ముత్యాల గొడుగు పట్టుకున్న ముసలి పానకాలు చెయ్యి వణికి కుచ్చులు ఊగాయి. అలాగే తీస్తే తెరమీద ముని మాయమైన క్షణాన కుచ్చులు గెంతి కిటుకు బయటపడుతుంది. భోజనాల వేళకు పూర్తి కాకపోతే ఆ షాటే వద్దన్నాడు డైరెక్టరు.

భుజంగానికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏమయ్యా, ముప్పై ఏళ్లుగా వేషాలేస్తున్నావట! గొడుగు పట్టుకుని నిలబడటం కూడా చేతకాదా? మాయ చేసేది నేను. నువ్వు ఊరికే నిలబడాలి, అంతే!"

పానకాలు తల దించుకున్నాడు. "ఇంకొక్కసారి బాబూ."

మూల స్టూలు మీద టీ తాగుతున్న మాస్టారు గ్లాసు కింద పెట్టారు.

"భుజంగం, ఈసారి గొడుగు నువ్వు పట్టుకో. కెమెరా నేను చూస్తా."

"నేనా సార్?"

"పానకాలు తలపాగా నీకు సరిపోతుందిలే."

సభలో నవ్వులు. భుజంగం వేషం కట్టి నిలబడ్డాడు. కెమెరా తిరిగింది, ఆగింది.

"కదలొద్దు!" అన్నారు మాస్టారు.

ముని వేషగాడు భారీ మనిషి. జడలు సర్దుకున్నాడు. కమండలం చెయ్యి మార్చుకున్నాడు. ఊడిన పాదుక కోసం కాలితో వెతుక్కున్నాడు. ఆపైన అత్తారింట్లో కొత్తల్లుడిలా తీరుబడిగా మెట్లు దిగసాగాడు. లైట్ల వేడికి భుజంగం కంట్లోకి చెమట కారింది. భుజం పీకింది. గొడుగు కర్ర మణుగు బరువైంది.

కుచ్చులు ఊగాయి. ముని ఇంకా రెండో మెట్టు మీదే ఉన్నాడు.

మాస్టారు మళ్లీ టీ గ్లాసు అందుకున్నారు.

భుజంగం తలపాగా తీసి పానకాలుకి ఇచ్చాడు. సిగ్గుతో అతని మొహంలోకి చూడలేకపోయాడు. తర్వాత వెళ్లి ముని పాదుకలు విప్పించాడు. కెమెరా ఆగగానే ఆయన్ని ఎత్తి అవతల దించడానికి నలుగురు లైట్‌మన్లను సిద్ధంగా ఉంచాడు.

"పానకాలు గారూ, మీరు సరే అన్నాకే మొదలుపెడదాం," అన్నాడు.

వారం తర్వాత ప్రొజెక్షన్ గదిలో ఆ షాట్ వేశారు. ముని ఉన్నవాడు ఉన్నట్టే మాయమయ్యాడు. నిర్మాత చప్పట్లు కొట్టి మళ్లీ వెయ్యమన్నాడు.

"మాయమవడం బాగా కుదిరిందా?" పక్కనున్న మాస్టారు మెల్లిగా అడిగారు.

"చూడలేదు సార్," అన్నాడు భుజంగం, తెరమీంచి కళ్లు తిప్పకుండా. "కుచ్చులు చూస్తున్నాను."

మాస్టారు ఇన్నాళ్లూ ఎవరికీ ఇవ్వని కెమెరా పెట్టె తాళంచెవి జేబులోంచి తీసి అతని చేతిలో పెట్టారు.