ఉప్పు మానేసిన ఎలుగుబంటి

గుట్టల కింద అడవిలో తేనె దించాలంటే ఎలుగుబంటి బైరన్నే దించాలి. నల్లమద్ది చెట్టు చిటారుకొమ్మన పెద్ద తేనెపట్టు. ఏటా బైరన్న పైకెక్కి దించి, పిల్లాజెల్లా అందరికీ పంచుతాడు. ఆ పూట అతగాడి దర్జా చూడాలి, పెళ్లికొడుకు కూడా పనికిరాడు!

ఈసారి కొంగ వైద్యుడు అడ్డం పడ్డాడు. ఆయన దగ్గరో జెర్రిపోతు ఉంది. రోగి చేతికి చుట్టుకుని, బిగించి, వదిలి, రక్తపోటు ఎంతుందో చెప్పేస్తుంది.

"అయ్యబాబోయ్! లోపల వాగు పొంగుతున్నట్టుంది!" అంది జెర్రిపోతు.

"బీపీ బాగా ఎక్కువుంది బైరన్నా," అన్నాడు వైద్యుడు. "ఉప్పు తగ్గించు. ఆకుకూరలు, పళ్లు తిను. తగ్గేదాకా చెట్టెక్కకు. పైన కళ్లు తిరిగితే కిందపడేది తేనెపట్టు కాదు, నువ్వు."

"నాకేం నొప్పా, నలతా? గుండ్రాయిలా ఉన్నాను!"

"అదే దీంతో చిక్కు. వచ్చినట్టు చెప్పదు."

తేనె దించని బైరన్నని ఎవరు పలకరిస్తారు? ఏడుపొక్కటే తక్కువ. ఇంటికెళ్లి ఉప్పు కుండ తీసి వాగులోకి విసిరేశాడు. అంబలి చప్పగానే తాగాడు. మరి చప్పటి అంబలి గొంతు దిగాలంటే నంజుకోవడానికి ఏదో ఒకటి ఉండాలిగా! తిన్నగా నక్క కొట్టుకెళ్లాడు.

"మాగాయలో ఉన్నది మామిడికాయ బావా. అప్పడంలో ఉన్నది మినప్పిండి. ఎండుచేపలో ఉన్నది చేప. ఉప్పెక్కడుంది?" అంది నక్క, గబగబా పొట్లాలు కడుతూ.

బైరన్న ప్రాణం లేచొచ్చింది. పూటకో పొట్లం లాగించాడు.

కొన్నాళ్లకి జెర్రిపోతు మళ్లీ చుట్టుకుంది. "ఈసారి నా నడుమే విరిగేట్టుంది!" అని మూలిగింది.

"ఉప్పు ముట్టలేదు, ఒట్టు! నీ పాముకే ఏదో తేడా చేసింది," అని బైరన్న వైద్యుడి మీదకి లేచాడు.

పెళ్లాం ఎర్రమ్మ పక్కనే నిలబడి అంతా విన్నది. ఇంటికొచ్చాక ఆ రోజు పొట్లాన్ని నీళ్లలో పిసికింది. ముక్కలు తీసేసి, ఆ నీళ్లు వాకిట్లో బండ మీది గుంటలో పోసింది. ఎర్రటెండ. పొద్దు వాలేసరికి నీళ్లు ఇగిరిపోయి, గుంటంతా తెల్లగా పేరుకుంది. ఎక్కడ వాసనొచ్చిందో ఏమో, మేకలమంద తోసుకుంటూ వచ్చి బండని నాకడం మొదలెట్టింది.

"ఏంటర్రా! మా వాకిట్లో మీకేం పని?" అని బైరన్న గదమాయించాడు.

"ఉప్పు మావా, ఉప్పు! ఇంత ఉప్పు ఎవరు పోశారు?" అంది ముసలి మేక, తలెత్తకుండానే.

"మీ మావ ఒక్క పూట తిండిలోదేనే!" అంటూ ఎర్రమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది.

బైరన్న మొహం మాడిపోయింది. మర్నాటినుంచి తోటకూర, జామకాయలు, నిమ్మకాయ పిండిన పెసలు. మొదట్లో మొహం చిట్లించాడు, తర్వాత అలవాటుపడ్డాడు. తేనె కాలం ముగిసేలోగా జెర్రిపోతు చేతికి చుట్టుకుని, "హమ్మయ్య, వాగు తగ్గింది!" అంది. వైద్యుడు సరేనన్నాడు. బైరన్న చెట్టెక్కాడు.

కింద అందరికీ దొప్పల్లో తేనె పోశాడు. నక్క వంతు వచ్చేసరికి, పిండేసిన మైనం ముద్ద తీసి దాని చేతిలో పెట్టాడు.

"ఇదేంటి బావా? తేనేదీ?" అంది నక్క.

"తేనెపట్టులో ఉన్నది మైనం బావా," అన్నాడు బైరన్న. "తీపెక్కడుంది?"

మన చేత్తో వేసుకోని ఉప్పు కూడా మన ఒంట్లోకే చేరుతుంది.