గవరయ్య నెత్తిన సున్నం బొట్టు

"ఆ చుక్క నీదిరా!"

"నాదెలాగవుద్ది అన్నియ్యా? తల నీది. నీ తలమీద పడ్డ చుక్క నీది కాక నాదా?"

"పడ్డం నా తలమీద పడింది. పుట్టింది మాత్రం నీవైపు కప్పులో!"

పదకొండేళ్ళుగా ఇదే గొడవ. గుమ్మడవలసలో మా గోడవతలి ఇల్లే వాళ్ళది. పెద్దోడు గవరయ్య, చిన్నోడు లచ్చన్న. ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు. అది ఆడపిల్లల అదృష్టం. తండ్రి పోతూ పోతూ పెంకుటిల్లు చెరిసగం చేసి, తూర్పు సగం పెద్దోడికి, పడమటి సగం చిన్నోడికి ఇచ్చాడు. కారడమేమో చిన్నోడివైపు పెంకు కారేది. ఆ నీళ్ళు వాసం పట్టుకుని జారి జారి పెద్దోడివైపు పడేవి. తండ్రి కొని పేర్చిన కొత్త పెంకులు వెయ్యి పెరట్లోనే ఉన్నాయి. ఒక్కటి ముట్టుకున్నారా? లేదు. చుక్క ఎవరిదో తేలితే కదా!

వాళ్ళమ్మ ముత్యాలమ్మ అరుగుమీద కూర్చుని మురిసిపోయేది. "నా కొడుకులు లాయర్లు కావలసినోళ్ళు. పదకొండేళ్ళు ఒకే మాటమీద నిలబడ్డం ఎంతమందికి చాతనవుద్ది?"

బాగానే ఉంది. ఆ ఏడు రోహిణి ఎండల్లో వాళ్ళ చెల్లి పైడమ్మకి తొమ్మిదో నెల పడింది. తొలిచూలు. పుట్టింటికి తెచ్చుకోవాలి. అత్తగారు చిలకమ్మ మాత్రం కబురు పంపింది: "పచ్చి బాలింత తడి ఇంట్లో ఉండకూడదు. మీ ఇంట్లో ఒక్క చుక్క కారినా పిల్లని పంపను. పురుడు నా ఇంట్లోనే."

ముత్యాలమ్మ మురిపెం అక్కడితో సరి. కంచం తోసేసింది. "తొలి పురుడు నా చేతులమీద జరక్కపోతే నేనేం తల్లినిరా? చుక్క ఎవరిదైతే నాకేటి? ముందు దాన్ని ఆపండి!"

కోటేసు మేస్త్రిని పిలిచారు. పాపం, మంచోడు. నిదానంగా చెప్పాడు. "వానలు పడకముందే చేసుకోవాలి. కప్పుమీద కుండెడు నీళ్ళు పొయ్యండి. కింద చుక్క ఎక్కడ పడితే అక్కడ సున్నంతో బొట్టు పెట్టండి. బొట్టుకి నిటారుగా పైనున్న పెంకు పాతదైతే తీసేసి కొత్తది వెయ్యండి. కొత్తదైతే వదిలెయ్యండి. అంతే."

అంతే అన్నాడు, పోయాడు.

లచ్చన్న కప్పెక్కి కుండెడు నీళ్ళు గుమ్మరించాడు. గవరయ్య కింద నిలబడి నోరు తెరుచుకుని పైకి చూస్తున్నాడు. చుక్క వచ్చింది. టప్పుమని గవరయ్య బట్టతల నడిమధ్యన పడింది.

"అమ్మా, సున్నం!" అని అరిచాడు. ముత్యాలమ్మ పరిగెత్తుకొచ్చి కొడుకు నెత్తిమీద రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టింది.

"బొట్టెక్కడుంది?" పైనుంచి లచ్చన్న.

"ఇదిగో, దూలం కింద!" అంది తల్లి. లచ్చన్న దూలం పైనున్న పెంకు తీసి కొత్తది వేశాడు. ఈలోగా గవరయ్య దాహం వేసి వంటింట్లోకి పోయాడు.

"ఒరే చిన్నోడా, బొట్టు వంటింట్లోకొచ్చింది!" అని అరిచింది తల్లి. లచ్చన్న వంటింటి మీదకి పాకాడు. పెంకు తీశాడు, పెంకు వేశాడు. గవరయ్య గదిలోకి పోయాడు. లచ్చన్న గది మీదకి. గవరయ్య కోడిని తరుముతూ ఇంట్లో నాలుగు చుట్లు తిరిగాడు. ఇంకేముంది, పైన లచ్చన్న నాలుగు చుట్లూ తిరిగాడు.

నాకు ఉండబట్టలేదు. గోడమీంచి అరిచాను. "ఒరే గవరయ్యా, ఒకచోట కదలకుండా నిలబడరా!"

"నిలబడితే నా అన్నం ఎవడు తింటాడు పిన్నీ?" అన్నాడు.

నాలుగు రోజులు నడిచింది ఆ తంతు. గవరయ్య బొట్టు చెరిగిపోద్దని తలకి పోసుకోలేదు. పక్కమీద ఇటునుంచి అటు దొర్లితే తల్లి లేచి కేకేసేది. అయిదోనాడు చూస్తే ఇంటిమీద పాత పెంకు ఒక్కటి లేదు. కొత్త పెంకుల్లో ఒక్కటి మిగల్లేదు. కోటేసు మేస్త్రి వచ్చి చూసి, చుట్ట వెలిగించుకుని వెళ్ళిపోయాడు.

"చెల్లిని తెచ్చేస్తాను" అని గవరయ్య చిలకమ్మ గారి ఊరు బయల్దేరాడు. రెండు మైళ్ళు. వెనకాలే లచ్చన్న గునపం భుజాన వేసుకుని బయల్దేరాడు.

"నువ్వెందుకురా?" అన్నాను.

"బొట్టు ఊరు దాటుతోంది కదా పిన్నీ. దాన్ని ఒక్కదాన్నీ ఎలాగ వదిలేస్తాం?"

చిలకమ్మ మర్యాద తెలిసిన మనిషి. గవరయ్యని కూర్చోబెట్టి మజ్జిగిచ్చింది. అతను వసారాలో మజ్జిగ తాగాడు, పెరటి చూరుకింద చేతులు కడిగాడు, చెల్లి గదిలోకెళ్ళి మంచం పక్కన కూర్చున్నాడు. అంతే, పైన మూడుచోట్ల ఆకాశం కనబడింది.

"ఒరే! నా ఇల్లురా!" అని లబలబలాడింది చిలకమ్మ.

"కంగారుపడకండి అత్తా" అన్నాడు లచ్చన్న కన్నంలోంచి తల దూర్చి. "పాత పెంకు తీసేశాను. ఇంక ఆ పెంకు జన్మలో కారదు."

"కొత్త పెంకేదిరా?"

"మావి అయిపోయాయి. మీరు కొనుక్కున్నాక కబురెట్టండి, బొట్టుని పంపిస్తాం."

ఆమె చీపురందుకునేలోగా ఆకాశం ఉరిమింది. ఆ యేడు తొలివాన. సూటిగా పైడమ్మ మంచం మీద పడింది. పైడమ్మ తడిసిన దుప్పటి పిండుతూ మెల్లగా అంది, "అత్తా, తడి ఇంట్లో ఉండకూడదని నువ్వే అన్నావు కదా?"

చిలకమ్మ మాట మీద నిలబడే మనిషి. పళ్ళు పటపటలాడించింది, మూట కట్టింది. "పదండి. నేనూ వస్తాను. అక్కడ ఒక్క చుక్క పడిందో, ఆటో పిలిచి పిల్లని మా చెల్లెలింటికి తీసుకుపోతాను."

ముత్యాలమ్మ కూతుర్ని చూసి ఏడ్చేసింది. చిలకమ్మ అవేమీ చూళ్ళేదు. తలెత్తి కప్పు చూసింది. వంగి నేల తడిమింది. పైడమ్మకని వేసిన పరుపు వాసన చూసింది.

"ఇదేటి వదినా, ముక్కిపోయిన వాసన! దీనిమీద పిల్లనెలాగ పడుకోబెడతావు? ఒరే అబ్బాయిలూ, వాన లేనప్పుడు ఈ పరుపు బయటేసి ఎండబెట్టండి. మర్చిపోకండి."

"మర్చిపోం అత్తా" అన్నారిద్దరూ.

మర్నాడు భోజనాలయ్యాయి. చిలకమ్మ అలసిపోయి ఆ పరుపు మీదే నడుం వాల్చింది. గుర్రు పెట్టింది. పైడమ్మ, తల్లి వంటింట్లో ఉన్నారు. అంతలో వాన దంచి కొట్టింది. మా పెరడంతా చెరువైపోయింది. వాళ్ళింట్లో మాత్రం ఒక్క చుక్క పడలేదు.

అన్నదమ్ములిద్దరూ నేలకేసి చూశారు. పొడిగా ఉంది.

"వాన లేదురా" అన్నాడు గవరయ్య.

"పైన ఆ దడదడేటి అన్నియ్యా?"

"కోతులు."

"అన్ని కోతులా?"

"కొత్త పెంకులు కదరా, చూసుకోడానికొచ్చుంటాయి. మనింట్లో వాన పడితే చుక్క పడాలి. పదకొండేళ్ళలో ఒక్కసారైనా తప్పిందా? చుక్క లేదు గాబట్టి వాన లేదు. పద, పరుపు ఎండేద్దాం."

"అత్త పడుకుంది కదా?"

"పెద్దావిడ నిద్ర చెడగొట్టకూడదు. మంచంతో ఎత్తు."

ఇంకేముంది! చెరోవైపూ పట్టుకుని, మంచం మీద పరుపు, పరుపు మీద చిలకమ్మ, మెల్లగా, కుదుపు లేకుండా తీసుకెళ్ళి నడివాకిట్లో దించారు.

ఆ కేక నేను మా వంటింట్లోంచి విన్నాను.

"చచ్చానురోయ్! వానరా! వాన!"

"లేదత్తా" అన్నాడు లచ్చన్న, మొహమ్మీంచి నీళ్ళు తుడుచుకుంటూ. "లోపలికొచ్చి చూసుకోండి. ఒక్క చుక్క పడితే ఒట్టు."

చిలకమ్మ కోక పిండుకుంటూ లోపలికి పోయింది. నాలుగు గదులూ తిరిగింది. మూలమూలా తడిమింది. ఎక్కడా చుక్క లేదు. మాటంటే మాటే మరి. ఆటోని పిలవలేదు. గుమ్మంలో కూర్చుని జుట్టు పిండుకుంది.

ముత్యాలమ్మ పొడి చీర తెచ్చి ఇచ్చింది. "పురుడు ఇక్కడే కదా వదినా?"

"ఇక్కడే తగలెయ్యి!"

పరుపు మాత్రం పనికిరాకుండా పోయింది. దూదంతా ముద్దకట్టేసింది. నెలలు నిండిన పిల్ల ఒట్టి మంచం మీద పడుకోకూడదు కదా. వాన తెరిపిచ్చాక దూదేకేవాడిని పిలిపించారు. పాత దూది ఆరబెట్టి ఏకాడు, కొంత కొత్త దూది కలిపాడు, చారల గుడ్డతో గలీబు కుట్టాడు.

"పరుపు ఎండేయమన్నది అత్తే కదా" అన్నాడు గవరయ్య. "ఎండేశాం. మా పనయిపోయింది."

చిలకమ్మ రొంటిన దోపుకున్న సంచీ తీసి, ఆనాటి తడికి అంటుకుపోయిన నోట్లు ఒక్కొక్కటీ విడదీసి, దూదేకేవాడి చేతిలో పెట్టింది: ఎనిమిది వందల డెబ్బై అయిదు రూపాయలు.