గేదత్త ఆగినచోట

ఆ అడవిలో పాటంటే కోయిలదేనండీ. మాటలు మాత్రం గేదత్తవి. నమ్మరేం! ఆవిడ బురదగుంటలో మెడదాకా మునిగి, నెమరుకీ నెమరుకీ మధ్య తీరిగ్గా ఒక్కో మాట వదిలేది. పైన కొమ్మమీద కోయిల దాన్ని అందుకుని రాగం కట్టేది.

ఓనాడు సింహంగారు కోయిలకి కబురుపెట్టారు. "మా బుజ్జిదానికి పళ్లొస్తున్నాయి, కన్ను మూయదు, మూయనివ్వదు. సాయంత్రం జోలపాడు. నిద్రపుచ్చావా, మామిడితోపు నీదే. లేదా, తోపు ఖాళీ చెయ్యి!"

దారిలో నక్క తగులుకుంది.

"దర్బారుకి ఆ బురదావిడ మాటలా కోయిలమ్మా? ఛీ ఛీ! నేను రాసిస్తాగా. అయినా చప్పట్లు నీ గొంతుకి గానీ మాటలకా?"

నిజమేననుకుంది పిచ్చి కోయిల.

సాయంత్రం, "మాటలు నావే ప్రభూ!" అని నక్క పక్కన మురిసిపోతుంటే, కోయిల ఊయల ముందు ఎత్తుకుంది: "ఉద్దండగర్జనాఖండవిక్రమప్రచండమృగరాజపుత్రికా!"

ఎక్కడ ఆగాలి? ఊపిరెక్కడ తీయాలి? నడిమధ్యలో గొంతు కీచుమంది. బుజ్జిది గుక్కపట్టి ఏడ్చింది.

"ఇది జోలా, యుద్ధమా?" గర్జించింది సింహం.

"ఒక్క అవకాశం ప్రభూ!" అంటూ కోయిల రివ్వున గుంట దగ్గర వాలింది. "అత్తా, నాకు బుద్ధి తక్కువై..."

"తిట్లు తర్వాత తిందువుగాని. పిల్ల ఏడుస్తోంది, పదవే!"

గేదత్త బురద కారుతూనే వచ్చి, ఊయల పక్కన కూలబడి నెమరందుకుంది.

"మబ్బు..." నమిలింది. "కొండ మీద..." నమిలింది. "తలవాల్చె..."

ఆవిడ నమిలినంతసేపూ కోయిల ఆ మాటనే సాగదీసి, మెల్లగా ఊపి, ఊపిరి తీసుకుంది. బుజ్జిదాని కళ్లు బరువెక్కాయి. నిద్రపోయింది!

"తోపు నీదే," గుసగుసలాడింది సింహం.

"అందులో సగం నీడ అత్తకివ్వండి ప్రభూ. రాగమంతా నాదేననుకున్నా ఇన్నాళ్లూ. ఆవిడ ఆగినచోటే కదా నేను సాగింది!"

"ఏడిశావ్‌లే! నువ్వు పాడకపోతే నా మాటలు ఆ బురదలోనే ఉండిపోవూ?" అంది గేదత్త, కళ్లు తుడుచుకోబోయి ఇంకాస్త బురద పూసుకుని.

జారుకోబోయిన నక్కని సింహం పంజాతో ఆపింది. "కవిగారూ, ఊయల దగ్గరే కూర్చోండి. ఇది మళ్లీ లేస్తే మీ జోల మీరే పాడాలి!"

పాపం నక్క, తుమ్మొచ్చినా తుమ్మలేదు.

ఇప్పటికీ ఆ కోయిల గొంతు విప్పేముందు ఓసారి కిందికి, గుంటకేసి చూస్తుందండీ.

నీతి: రాగం కట్టినవాళ్లు ముందుగా దణ్ణం పెట్టుకోవలసింది, దారి చూపిన మాటకి.